మూఢంలో కుందేళ్ళు

మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. రామచంద్రపురం చుట్టూ పదీ పన్నెండు ఊళ్ళలో పెళ్ళన్నా గృహప్రవేశమన్నా ఆయన సైకిలు వెళ్ళాల్సిందే. అలాంటి మనిషికి రెండు నెలలు పని లేకపోతే ఇల్లెలా ఉంటుందో పురోహితుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా జరిగి కంటికి ఆనకుండా పోయే రోజుల్ని మూఢం అంటారు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళుండవు, ఒడుగులుండవు, కొత్త ఇంట్లో పాలు పొంగించడాలుండవు. నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. ఉంటే ఊరుకోరు. పప్పుడబ్బాల మూతలు బిగించి చూస్తారు, పోపులో ఆవాలు ఎక్కువయ్యాయంటారు, నేను బడికి వెళ్తుంటే గొడుగు ఏ చేత్తో పట్టుకోవాలో చెప్తారు. "ఆ శుక్రుడు బయటికి వస్తే గానీ నాకు విముక్తి లేదు" అని అమ్మ వంటింట్లో గొణుక్కునేది.

తొంభైల చివర్లో వచ్చిన అలాంటి ఒక మూఢం నాకు బాగా గుర్తు. నేనప్పుడు ఊళ్ళోనే ఒక కాన్వెంటులో సైన్సు చెప్పేదాన్ని. నాకు సంబంధం కుదిరింది. పిల్లాడిది కాకినాడలో ఉద్యోగం, నెమ్మదస్తుడు, ఇప్పటికీ నెమ్మదస్తుడే. మూఢం వెళ్ళిన పది రోజులకి పడేలా నాన్నగారే ముహూర్తం చూశారు. అన్నీ కుదిరాయి గానీ, పెళ్ళి చేయించేదెవరన్న ఒక్కటీ కుదర్లేదు.

పురోహితుడి ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి ఇదొక చిక్కు. ఊరందరి పెళ్ళిళ్ళూ చేయించినవాడు తన కూతురి పెళ్ళి తను చేయించలేడు. కన్యాదాతగా పీటల మీద కూర్చోవాలి, ఇంకొకరు మంత్రం చెప్తుంటే తిరిగి చెప్పాలి. మా ఇంటికి ఆ ఇంకొకరు ఎవరో వేరే అడగక్కర్లేదు. మా పెదనాన్నగారు. నాన్నగారికి మంత్రం నేర్పిందే ఆయన. గొంతు విప్పితే మూడు వీధులకి వినపడేది. ఉండేది కూడా మా ఇంటి రెండో సగంలోనే. తాతగారు కట్టిన ఇంటికి నిలువునా గోడ పెట్టుకుని అటు వాళ్ళు, ఇటు మేము. వెనక పెరడూ, నుయ్యీ మాత్రం ఉమ్మడి. అయితే అన్నదమ్ములిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

కారణం తాంబూలం. నవ్వకండి. ఓ పెద్ద రైతుగారింట్లో పెళ్ళికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. చివర్లో పురోహితులకి తాంబూలాలిచ్చేటప్పుడు మొదటిది పెద్దాయనకి ఇవ్వాలి. అగ్రతాంబూలం అంటే అదీ. ఆ ఇంటాయన హడావిడిలో దాన్ని నాన్నగారి చేతిలో పెట్టేశారు. నాన్నగారు పుచ్చుకున్నారు. "ముందు అన్నయ్యగారికి ఇవ్వండి" అంటే సరిపోయేది, అనలేదు. పెదనాన్నగారు ఉత్తరీయం దులుపుకుని, భోజనం చెయ్యకుండా, ఎండలో రావులపాలెం రోడ్డు దాకా నడిచి బస్సెక్కి వచ్చేశారు. "వాళ్ళిచ్చారు, నేను పుచ్చుకున్నాను, నేనేమైనా అడిగానా?" అని నాన్నగారు. "అడక్కపోతే మాత్రం పుచ్చేసుకోవడమేనా?" అని ఆయన. ఈ రెండు మాటలూ ఒకరితో ఒకరు అన్నవి కావు, గోడకి అటూ ఇటూ నిలబడి అన్నవి. పెదనాన్నగారి భార్య మా దొడ్డమ్మా, అమ్మా మాత్రం పెరట్లో కూరలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళ పౌరుషం మా ఇంట్లో పులుసుగిన్నె దాకా ఎప్పుడూ రాలేదు.

"పెదనాన్నగారు చేయిస్తేనే పీటల మీద కూర్చుంటాను" అని నేను అమ్మతో చెప్పాను. అమ్మ నాన్నగారితో చెప్పింది. నాన్నగారు రాజమండ్రి నుంచి ఒకాయన్ని పిలిపిస్తానన్నారు. నేను ముఖం మాడ్చుకున్నాను. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అప్పటికి మా ఇంట్లో రెండు కుందేళ్ళున్నాయి. నా క్లాసులో ఒక పాప వాళ్ళ నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ అయితే, ఆ పిల్ల వెళ్ళిపోతూ రెండు కుందేలు పిల్లల్ని బుట్టతో సహా నా ఒళ్ళో పెట్టి ఏడ్చేసింది. ఒకే ఈతలో పుట్టినవి. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. నాన్నగారు వంగి చూసి, "ఏం తింటాయివి?" అన్నారు.

"గడ్డి, ఆకులండి."

"మాంసం ముట్టవుగా? అయితే మనవాళ్ళే."

పేర్లు మాత్రం పెట్టనివ్వలేదు. పేరు పెడితే బారసాల చెయ్యాలన్నారు. అందుకని అవి తెల్లదీ, గోధుమదీగానే ఉండిపోయాయి. పురోహితుడి ఇంట్లో గరికకి కొదవేముంది? వినాయకుడికి తెచ్చిన గరికలో సగం వాటికే పోయేది. అరటిపళ్ళ బుట్టలో ఒకదాని చెవుల మీద ఒకటి చెవులేసుకుని పడుకునేవి. తెల్లది తల వంచేది, గోధుమది దాని నుదురు నాకేది. బడి నుంచి వచ్చి వాటిని చూస్తూ కూర్చుంటే నాకు కాఫీ కూడా గుర్తొచ్చేది కాదు.

మూఢం మొదలైన వారానికి తెల్లదానికి ఏదో పట్టింది. అప్పటికి వాటికి అయిదో నెల. ముందు అన్నిటికీ గడ్డం రాయడం మొదలెట్టింది. అరుగు స్తంభానికి, నాన్నగారి పీటకి, ఆఖరికి ఆయన పంచాంగం అంచుకి కూడా. ఆ తర్వాత గోధుమదాని చుట్టూ గుర్రుమంటూ తిరగడం. ఓ రోజు తిరిగి తిరిగి దాని వీపు మీదకెక్కి, మెడ దగ్గర జుత్తు నోటితో పట్టుకుని... ఇంక నేను వర్ణించక్కర్లేదు. గోధుమది చెవులు వెనక్కి వాల్చి నేలకి అతుక్కుపోయింది. కాసేపటికి తెల్లది దిగింది. రెండూ ఏమీ జరగనట్టు గరిక నమిలాయి.

నాన్నగారికి అరుగు మీద కూర్చోవడం అలవాటు. మూఢంలో పెళ్ళిళ్ళు లేకపోయినా, అది వెళ్ళగానే మొదటి ముహూర్తం తమకే కావాలని జనం వస్తూనే ఉంటారు. ఓ రోజు పెనుగొండ నుంచి బట్టల కొట్టాయన, ఆయన భార్య వచ్చారు. వాళ్ళింట్లో పెళ్ళికి ఈ నెలలోనే ఎలాగైనా ఒక మంచి రోజు చూడమంటారు. శుక్రుడు మూఢంలో ఉండగా దాంపత్యానికి సంబంధించిన పనేదీ పనికిరాదని నాన్నగారు వేళ్ళు మడుస్తూ ఒక్కో కారణమూ చెప్తున్నారు. సరిగ్గా అప్పుడే, వాళ్ళ చెప్పుల పక్కన, తెల్లది గోధుమదాని మీదకెక్కింది.

బట్టల కొట్టాయన అటు చూశారు, ఇటు చూశారు. "పనికిరాదన్నారు కదండి పంతులుగారూ. మరి మీ ఇంట్లోనేనండి..." అన్నారు.

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదలడం గుమ్మంలో ఉన్న నాకు కనపడుతూనే ఉంది. నాన్నగారి ముఖం కందగడ్డ అయిపోయింది. వాళ్ళు వెళ్ళగానే, "అమ్మాయ్, ఆ రెండిట్నీ ఇవాళే విడదీసెయ్. పరువు సంగతి సరే, రేపు పిల్లల్ని పెడితే? పెళ్ళివారొచ్చేసరికి వాకిలంతా కుందేళ్ళే" అన్నారు.

నేను సైన్సు టీచర్ని. ఎనిమిదో క్లాసుకి జంతువుల పాఠం చెప్పేదాన్ని. అయినా ఎక్కింది మగదీ, ఊరుకున్నది ఆడదీ అని నేనూ అనుకున్నాను. ఒకసారి తిప్పి చూద్దామని కూడా తోచలేదు. తెల్లదాన్ని అరుగు దగ్గరే ఉంచి, గోధుమదాన్ని పెళ్ళిపీటలూ కలశాలూ పెట్టే సామాన్ల గదిలోకి మార్చాను.

గోధుమది ఆ పూట తినలేదు. మర్నాడు కాస్త కొరికి వదిలేసింది. మూడో రోజు ఆకు ముట్టలేదు, మూలకి తిరిగి ఉబ్బినట్టు కూర్చుంది. బెంగ అనుకున్నాను. బడి నుంచి వచ్చి దాన్ని చూసి ఉండబట్టలేక, ఎత్తుకెళ్ళి నాన్నగారికి చెప్పకుండా తెల్లదాని బుట్టలో దింపేశాను. సంబరపడతాయనుకున్నాను. తెల్లది బాణంలా దాని మీదకి దూకింది. బుట్ట దొర్లిపోయింది, జుత్తు గాల్లోకి లేచింది. మధ్యలో చెయ్యి పెడితే నా వేలు కొరికింది. విడదీసేసరికి గోధుమదాని చెవి చీలి రక్తం కారుతోంది. మొన్నటిదాకా చెవుల మీద చెవులేసుకు పడుకున్నవి, మూడు రోజులకే ఒకదాన్నొకటి ఎరగనట్టు చేశాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

నాన్నగారు లోపల్నుంచి వచ్చి చూశారు. నన్ను తిడతారనుకున్నాను. గోధుమదాన్ని ఉత్తరీయంలో చుట్టి, "విడదీయమన్నది నేను. దీని ప్రాణానికేమైనా అయితే ఆ పాపం నాది. పద" అన్నారు. తెల్లదాన్ని కూడా బుట్టలో పెట్టించి సైకిలు తీశారు. నేను వెనక రిక్షాలో వెళ్ళాను.

పశువుల ఆసుపత్రి డాక్టరుగారి బల్ల మీదకి గేదెదూడలు తప్ప ఇంత చిన్నవి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. అయినా నెమ్మదిగా, చంటిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ముందు గోధుమదాని పొట్ట నొక్కి చూసి, కుందేలు తిండి మానేస్తే పేగు ఆగిపోతుందని, ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పారు. మందిచ్చారు. చెవికి పౌడరు అద్దారు. ఆ తర్వాత రెండిట్నీ ఒకదాని తర్వాత ఒకటి వెల్లకిలా తిప్పి చూసి, "రెండూ ఆడవేనండి పంతులుగారూ" అన్నారు.

"అదేంటండి? మరి ఆ తెల్లది చేసిన పని?"

"ఎక్కడం అంటే అన్నిసార్లూ సంసారం కాదండి. గేదెలకి కొమ్ములున్నాయి, కుమ్ముకుని ఎవరు పెద్దో తేల్చుకుంటాయి. వీటికి కొమ్ముల్లేవు, అందుకని ఇలాగ. నేను పెద్దదాన్ని అని అదంటోంది, సరేలే అని ఇదంటోంది. అంతేనండి."

"మరి మమ్మల్నేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యకపోతే చాలండి. ఎక్కనివ్వండి. రెండు నిమిషాల్లో దిగిపోతుంది. మధ్యలో మీరు లాగేశారనుకోండి, వాటి లెక్క తేలదు, మళ్ళీ మొదటికొస్తాయి. కిందది ఊరుకున్నంతసేపూ మీకు పని లేదు. అది కీచుమన్నా, పారిపోతుంటే ఇది తరిమి కరిచినా అప్పుడు చూడండి. తలవైపు నుంచి ఎక్కితే మాత్రం మెల్లగా పక్కకి తిప్పండి, కిందది కొరికిందంటే ప్రమాదం."

నేను చేసిన ఘనకార్యం చెప్పాను. ఆయన తల ఊపారు. "విడదీయడం ఒక తప్పమ్మా. దీన్ని తీసుకెళ్ళి దానింట్లో పడెయ్యడం ఇంకో తప్పు. ఆ చోటంతా నాదని అది గడ్డం రాసి పెట్టుకుంది కదా. కలిపితే రెండిటిదీ కాని చోట కలపాలి. రోజూ కాసేపు, ఓపిగ్గా."

ఇంటికొచ్చి సైకిలు స్టాండు వేస్తూనే నాన్నగారు వంటింటికి వినపడేలా నవ్వారు. "ఏమే, విన్నావా, రెండూ ఆడవేనట. సంసారమూ లేదు, సింగినాదమూ లేదు. ఇది ఒట్టి అగ్రతాంబూలం గొడవ."

అనేసి, టక్కున నోరు మూసుకున్నారు. అమ్మ గోడవైపు కూడా చూడలేదు. కానీ ఆ రాత్రి చారు చాలా రుచిగా పెట్టింది.

మూడు రోజులు గోధుమదానికి సూది తీసేసిన సిరంజితో గుమ్మడికాయ గుజ్జు పట్టించాం. నేను బడికి వెళ్తే నాన్నగారే పట్టించేవారు, పసిపిల్లకి ఉగ్గు పెట్టినట్టు. మూడో సాయంత్రం అది తనంతట తాను ఒక గరికపోచ అందుకుని చివరిదాకా నమిలింది. ఆయన దాన్ని చూసి, "తిందే, తింది" అని ఇల్లంతా తిరిగి చెప్పారు.

ఇక కలపడం. ఇక్కడ మా నాన్నగారికి చేతినిండా పని దొరికింది, అదీ ఆయనకి వచ్చిన పని. పెళ్ళిళ్ళలో రెండు వైపులవాళ్ళూ అలగడం, వాళ్ళని కూర్చోబెట్టి సర్దడం ఆయనకి మంత్రం కంటే బాగా వచ్చు. "వీళ్ళింట్లో మాట్లాడిస్తే వాళ్ళు తగ్గరు, వాళ్ళింట్లో అయితే వీళ్ళు తగ్గరు. విడిది కావాలి" అన్నారు. ముందు ఇది పడుకున్న గోనెపట్టా దానికీ, అది పడుకున్నది దీనికీ మార్చారు, వాసన అలవాటయ్యేట్టు. రెండు వైపులా బట్టలు పెట్టుకోవడమట. తర్వాత రెండు బుట్టలూ సైకిలు క్యారియరు మీద పక్కపక్కన కట్టి రోజూ కాలవగట్టు మీద అటూ ఇటూ తిప్పుకొచ్చారు. కుదుపుకి భయపడి రెండూ ఒకదాని వైపు ఒకటి ఒదిగి, బుట్టల సందుల్లోంచి ముక్కులు ఆనించుకునేవి. "ఎవరి పెళ్ళికండి పంతులుగారూ?" అని టీకొట్టు దగ్గర అడిగితే, "మా ఇంట్లోనేనండి" అని గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయేవారు.

విడిది ఎక్కడన్నది తేలడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. అరుగు తెల్లదానిది. సామాన్ల గది గోధుమదానిది. వాకిట్లో కుక్కలు. కుందేళ్ళు ఎప్పుడూ కాలు పెట్టని చోటు మా ఇంట్లో ఒక్కటే ఉంది. ఉమ్మడి పెరట్లో నూతిగట్టు. మూడేళ్ళుగా అక్కడికి పొద్దున్న ఏడింటిదాకా వాళ్ళూ, తర్వాత మేమూ వెళ్ళేవాళ్ళం. సాయంత్రాలు పెదనాన్నగారు వాళ్ళ వెనక మెట్టు మీద పడకకుర్చీ వేసుకుని కూర్చుంటారని నాన్నగారు అటు వెళ్ళేవారే కాదు.

"అక్కడా?" అంది అమ్మ.

"కుందేళ్ళ కోసం" అన్నారు నాన్నగారు.

మొదటి సాయంత్రం రెండు కుందేళ్ళూ నూతిగట్టుకి చెరో వైపు కూర్చుని ఒకదాన్నొకటి చూడనట్టు ముఖాలు కడుక్కున్నాయి. పెదనాన్నగారు మెట్టు మీద పేపరు చదువుకుంటున్నారు. నాన్నగారు ఆకాశం చూస్తున్నారు. నేను నలుగురి మధ్యా కూర్చున్నాను. నాకు నవ్వాపుకోవడం కష్టమైంది.

మూడో రోజు తెల్లది చుట్టూ తిరగడం మొదలెట్టి, గోధుమదాని మీదకెక్కింది. నాన్నగారి చెయ్యి అప్రయత్నంగా ముందుకు వెళ్ళింది. మెట్టు మీంచి పేపరు దిగింది.

"అమ్మాయ్, ముట్టుకోవద్దని చెప్పు" అన్నారు పెదనాన్నగారు. డాక్టరుగారు చెప్పినదంతా అప్పటికే అమ్మ నుంచి దొడ్డమ్మకీ, దొడ్డమ్మ నుంచి ఆయనకీ చేరిపోయిందన్నమాట.

"ముట్టుకోలేదని చెప్పమ్మా" అన్నారు నాన్నగారు. ఇద్దరి మధ్యా ఆరడుగుల దూరం కూడా లేదు.

"ముట్టుకోలేదటండి" అని చెప్పాను.

"చెయ్యెందుకు చాచాడో కనుక్కో."

"దోమని తోలుకున్నానని చెప్పు."

ఈలోగా తెల్లది దిగిపోయింది. గోధుమది పారిపోలేదు. ఒళ్ళు విదిల్చుకుని అక్కడే కూర్చుంది.

అలా అయిదారు రోజులు గడిచాయి. ఎక్కడం, దిగడం, ఒకసారి చిన్న తరుముడు, నా కేక, పెదనాన్నగారి "ఆగు ఆగు, అదేం కాదు". ఆయన పేపరు తేవడం మానేశారు. కుర్చీ ఓ మెట్టు కిందకి దిగింది. దొడ్డమ్మ ఒక అరిటాకు ముక్కలో కొత్తిమీర కాడలు పెట్టి పంపితే, ఒకే ఆకులో తినడానికి రెండూ వచ్చాయి. ఇక అటో ఇటో తేలిపోతుందని అందరికీ తెలుస్తోంది.

ఆ సాయంత్రం తెల్లది ఎక్కలేదు. గోధుమదాని ఎదురుగా వచ్చి, ముక్కు దగ్గర తల నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది.

"క్షమాపణ అడుగుతోంది నాన్నగారూ" అన్నాను సంతోషంగా.

మెట్టు మీంచి దగ్గు వినపడింది. "క్షమాపణ కాదమ్మాయ్. తల దువ్వమంటోంది. పెద్దది వంచితే చిన్నది దువ్వాలి, అదీ సంగతి."

నిజమే. బుట్టలో ఉన్న రోజుల్లో కూడా తల వంచేది తెల్లదే, నాకేది గోధుమదే. నెలలపాటు రోజూ చూశాను, తల వంచినది తగ్గిందనుకున్నాను. తగ్గడం కాదది, దర్జా.

గోధుమది చాలాసేపు కదల్లేదు. పక్కకి తిరిగి, లేని గడ్డిని వాసన చూసింది. దాని చెవి మీద నేను చేయించిన గాటు ఇంకా మానలేదు. తెల్లది తల ఎత్తలేదు. ఇది గానీ వెళ్ళిపోయిందంటే ఇంక ఇవి కలవవనుకున్నాను. అప్పుడు గోధుమది ఇటు తిరిగి, తెల్లదాని నుదుటి మీద ఒక్కసారి నాకింది. ఆగి, ఇంకోసారి. తర్వాత చెవులు, కళ్ళ చుట్టూ, వరసగా. తెల్లది కళ్ళు మూసుకుని గట్టు మీద వాలిపోయింది. గోధుమది దాన్ని ఆనుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, ఆనందంతోనే.

నాన్నగారు వాటివైపే చూస్తూ, "అంతేనా? దువ్వితే అయిపోయిందా?" అన్నారు.

"అంతే" అన్నారు పెదనాన్నగారు.

నన్ను చెప్పమనలేదు ఇద్దరూ. ఆ సంగతి వాళ్ళకి తట్టిందో లేదో గానీ, ఎవరి గుమ్మంలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే నాన్నగారు స్నానం చేసి పట్టుపంచె కట్టుకున్నారు. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పంచెల చాపు సర్దుకుని, "నువ్వూ రా" అన్నారు నాతో. పెరట్లోంచి నాలుగడుగులు వేస్తే చాలు. అలా వెళ్ళలేదు. వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, వీధిలోంచి పెదనాన్నగారి గుమ్మం ఎక్కారు. పెదనాన్నగారు సంధ్యావందనం ముగించి లేస్తున్నారు. నాన్నగారు పళ్ళెం ఆయన ముందుకి చాచారు.

"మూడేళ్ళ కిందటిది. ఆకులు మాత్రం ఇవాళ్టివి."

పెదనాన్నగారు పళ్ళెంవైపు చూశారు, నావైపు చూశారు. పుచ్చుకున్నారు. నాన్నగారు వంగి పాదాలకి దణ్ణం పెడితే వీపు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కొంచెం ఎక్కువసేపే ఉంది. దొడ్డమ్మ గుమ్మం దగ్గర ముక్కు ఎగబీల్చింది. ఇక నా పెళ్ళికి పెదనాన్నగారి గొంతే మోగుతుందని నాకు తెలిసిపోయింది.

పెదనాన్నగారు ఆకులు పక్కన పెట్టి మొదట అన్న మాట ఇది: "దీని ముహూర్తం ఎంతకి పెట్టావు?"

"తొమ్మిదీ నలభై రెండుకి."

"పంచాంగం ఇలా తే." నాన్నగారు తెచ్చారు. పెదనాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళు మడిచి, పెదవులు కదిపి, "తొమ్మిదిన్నర. నలభై రెండు ఎలా వచ్చింది నీకు?" అన్నారు.

నాన్నగారు పెట్టిన ముహూర్తాన్ని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ తప్పుపట్టి ఎరగరు. అలాంటిది నా ఎదురుగా, దొడ్డమ్మ ఎదురుగా పెదనాన్నగారు ఆ మాట అన్నారు. ఇప్పుడు నాన్నగారు పంచాంగం లాక్కుంటారనుకున్నాను. దొడ్డమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, దూలం వైపు చూస్తూ నిలబడింది.

"తొమ్మిదిన్నరే కానీ అన్నయ్యా" అన్నారు నాన్నగారు.

శుభలేఖలు తొమ్మిదిన్నరకే అచ్చయ్యాయి. అవి వచ్చిన రోజున పెరట్లో కుందేళ్ళకి గరిక వేస్తూ నాన్నగారు అమ్మతో, "లెక్క మాత్రం నాదే కరెక్టు" అన్నారు.

"మరి అప్పుడే చెప్పలేకపోయారా?"

"ఎక్కనీవే. రెండు నిమిషాల్లో దిగిపోతాడు."

అమ్మ నవ్వుకి పక్కసగంలోంచి దొడ్డమ్మ ఏంటీ ఏంటీ అని అడిగింది. చెప్పలేదు. ఆ తర్వాత కూడా తెల్లది అప్పుడప్పుడూ ఎక్కుతూనే ఉండేది, గోధుమది చెవులు వాల్చి ఊరుకునేది, ఎవరమూ లాగేవాళ్ళం కాదు. బుట్ట ఒకటే అయింది. అవి పగలంతా రెండు సగాల్లోనూ తిరిగేవి, తెల్లది పెదనాన్నగారి పడకకుర్చీ కాళ్ళకి కూడా గడ్డం రాసి వచ్చింది.

శుక్రుడు బయటికి వచ్చాడు. పెళ్ళిరోజూ వచ్చింది. నన్ను పీటల మీద కూర్చోబెట్టారు, మధ్యలో తెర. జీలకర్రా బెల్లం ముద్ద నా అరచేతిలో ఉంది. తల వంచుకుని ఉన్నాను కాబట్టి నాకు కనిపించేది ఒక్కటే, పక్కన నాన్నగారి చేతి వాచీ. తొమ్మిదిన్నర అయింది. పెదనాన్నగారు పెట్టమనలేదు. ముహూర్తానికి అరనిమిషం తప్పని మనిషి, ఆ గొంతుతో మంగళాష్టకాలు అందుకుని, ఒక్కో అక్షరమూ సాగదీస్తూ చదువుతున్నారు. వాచీ ముల్లు జరుగుతోంది. పెళ్ళికొడుకు వైపు పెద్దాయన ఒకరు వంగి, "తొమ్మిదిన్నర దాటిందండి పంతులుగారూ" అన్నారు.

"తెలుసండి" అని పెదనాన్నగారు ఇంకో శ్లోకం ఎత్తుకున్నారు.

అరచేతిలో బెల్లం కరుగుతోంది. ముల్లు నలభై రెండు మీదకి వచ్చింది.

"ఊఁ, పెట్టండి" అన్నారు పెదనాన్నగారు. సన్నాయీ డోలూ ఒక్కసారి అందుకున్నాయి.

నేను తలెత్తేసరికి నాన్నగారు అన్నగారి ముఖంలోకి చూస్తున్నారు. ఆయన ఇటు చూడనే లేదు, అప్పటికే తర్వాతి మంత్రంలో ఉన్నారు.

రెండు నిమిషాల్లో దిగిపోతాడన్నారు నాన్నగారు. పన్నెండు పట్టింది.